నాలుగు గీతల ఖాళీ ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

పదో తరగతి, ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో మీ పత్రికలో చదువుల పేజీలు పెరుగుతాయి. ఏ ర్యాంకుకు ఏ కాలేజీ, ఏ కోర్సుకు ఎంత ఫీజు, చదివాక ఎంత ప్యాకేజీ, అన్నీ వేస్తారు. మా వీధి పిల్లలు ఆ పేజీలు కత్తిరించుకోవడానికి మా ఇంటికే వస్తారు, కాబట్టి నేనూ వాటిని వరసగా చదువుతాను. మంచి పని చేస్తున్నారు. కానీ ఆ పేజీల్లో ఒకటి లేదనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. అదేమిటో చెప్పేముందు నా సంగతి కొంత చెప్పుకోవాలి. లేకపోతే నేను అడిగేది ఎందుకో మీకు తెలియదు.

నేను ఖజానా శాఖలో 33 ఏళ్లు పనిచేశాను. 1984లో జూనియర్ అకౌంటెంట్‌గా చేరి, 2017లో 58 ఏళ్లు నిండాక రిటైరయ్యాను. ఉద్యోగమంతా పాత నల్గొండ జిల్లాలోనే.

పోయిన నెల మా చెల్లెలి కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాళ్ల ఆఫీసు ట్రైనింగ్‌లో ఒక్కొక్కరినీ ‘పర్సనల్ మిషన్ స్టేట్‌మెంట్’ రాసుకుని రమ్మన్నారట. ఫోన్లో చూసి ఒకటి తయారు చేశాడు. ఇంగ్లీషులో చదివి, నాకు తెలుగులో చెప్పాడు. నిరంతరం నేర్చుకుంటూ, చుట్టూ ఉన్నవాళ్లలో స్ఫూర్తి నింపుతూ, సమాజానికి విలువ చేకూర్చడం తన ధ్యేయమట.

“మంచిగుంది బిడ్డా. మరి బెంగళూరు బదిలీకి ఒప్పుకోవాల్నా వద్దా అని పది రోజులు నిద్రపోలేదంటివి. ఈ మాట నీకేమన్న చెప్పిందా?” అని అడిగాను.

కాసేపు ఆలోచించాడు. “ఏం చెప్పలేదు పెద్దమ్మా. పోతే సరే అంటది, పోకున్నా సరే అంటది” అన్నాడు.

అప్పుడు లోపలికి పోయి నా 1986 డైరీ తెచ్చి వాడి చేతిలో పెట్టాను. ఆ డైరీ మొదటి పేజీ మా ఆయనకూ మా బిడ్డకూ తప్ప ఎవరికీ చూపించలేదు. ఇప్పుడు మీ పాఠకులకు చెబుతున్నాను.

1986 ఎండాకాలంలో ఒక పెద్దమనిషి నా బల్ల దగ్గరికి వచ్చింది. చనిపోయిన భర్త తాలూకు ఫ్యామిలీ పెన్షన్ కోసం. కాగితాలు చూసి ఫొటో మీద అటెస్టేషన్ లేదని తిప్పి పంపాను. రెండు వారాలకు అటెస్టేషన్ చేయించుకుని వచ్చింది. అప్పుడు ఆమె పేరు ఒక కాగితంలో ఒక తీరుగా, ఇంకో కాగితంలో ఇంకో తీరుగా ఉందని పంపాను. అదీ సరిచేయించుకుని మూడోసారి వచ్చింది. మళ్లీ పెళ్లి చేసుకోలేదన్న సర్టిఫికెట్ జతచేయలేదని చెప్పాను. ఆమె కోపం చేయలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, “ఇయ్యాల బస్సు కిరాయికి కోడిని అమ్ముకొని వచ్చిన బిడ్డా. ఇంకేమన్న ఉంటే ఒక్కసారే చెప్పు” అన్నది.

ఆ మూడు లోపాలూ మొదటి రోజునే కాగితాల్లో ఉన్నాయి. నేను మొదటిది కనిపించగానే ఆగిపోయాను. నియమం ప్రకారం నా తప్పు లేదు, ప్రతి ఆబ్జెక్షనూ సరైనదే. కానీ ఒక్కసారి రాయాల్సినవి మూడుసార్లు రాశాను. ఆమె మూడుసార్లు బస్సెక్కింది. నేను ఎవరి దగ్గరా రూపాయి తీసుకునేదాన్ని కాదు, అందుకే మంచి ఉద్యోగిననే అనుకునేదాన్ని. ఆ రోజు ఆ నమ్మకం పోయింది.

రాత్రి అన్నం తిన్నాక డైరీ మొదటి పేజీలో పెన్సిల్‌తో రాసుకున్నాను: “ఎవ్వల్నీ ఒక్క పనికి రెండోసారి తిప్పించొద్దు.” పుస్తక భాషలో రాద్దామని మొదట ప్రయత్నించాను. “కార్యాలయమునకు వచ్చువారికి…” అంటూ మొదలుపెడితే అది ఆఫీసు సర్క్యులర్‌లా అనిపించింది, ఎవరో నాకు పంపినట్టు. మా అమ్మతో మాట్లాడే మాటలో రాశాక అది నాదైంది.

తెల్లారి నుంచి పని పద్ధతి మారింది. కాగితం మొదటి నుంచి చివరిదాకా చూశాకే కలం తీసేదాన్ని. ఏమేం కావాలో ఒక చీటీ మీద వరుసగా రాసి ఇచ్చేదాన్ని. చదువు రానివాళ్లకు ఊళ్లో ఎవరితో చదివించుకోవాలో అడిగి, ఆ పేరు కూడా చీటీ మీద వేసేదాన్ని. దానికి టైమ్ పట్టేది. మార్చి నెలలో బిల్లుల కుప్పలు పడ్డప్పుడు పై అధికారి ఒకాయన విసుక్కున్నారు కూడా. అయితే నెల రెండు నెలల్లోనే బల్ల ముందు నిలబడే వాళ్లు తగ్గారు. వచ్చినవాళ్లే మళ్లీ వచ్చి నిలబడటం ఆగింది కదా!

ఇక్కడ పైడిమర్రి వెంకట సుబ్బారావు గారి గురించి చెప్పకుండా ఉండలేను. పాఠ్యపుస్తకాల మొదటి పేజీల్లో ఉండే ‘భారతదేశం నా మాతృభూమి’ అనే ప్రతిజ్ఞ రాసింది ఆయన. మా నల్గొండ దగ్గరి అన్నెపర్తి మనిషి. 1962లో, విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు రాశారు. అంటే మా శాఖ ఉద్యోగి. తెలుగులో రాసిన ఆ మాటలు తెన్నేటి విశ్వనాథం గారి ద్వారా అప్పటి విద్యామంత్రి పి.వి.జి. రాజు గారికి చేరాయి. 1965 జనవరి 26 నుంచి దేశమంతా బడుల్లో ప్రతిజ్ఞ చేయించడం మొదలైంది. నేను ఒకటో తరగతిలో చేరింది ఆ ఏడాదే. కుడి చెయ్యి ముందుకు చాచి రోజూ చెప్పిన ఆ మాటలు ఎవరు రాశారో ఉద్యోగంలో చేరి ఎన్నో ఏళ్లయ్యాక గానీ నాకు తెలియలేదు. ఆయన పేరు చాలా కాలం పుస్తకాల్లో వేయలేదు. ఆయన 1988లో కాలం చేశారు.

తెలిశాక మళ్లీ ఆ ప్రతిజ్ఞను అకౌంటెంట్ కళ్లతో, మాట మాటా చదివాను. ఎవరినీ ఏదీ చేయమని అందులో లేదు. అంతా గౌరవిస్తాను, కృషి చేస్తాను, నడుచుకుంటాను అనే. చెప్పేవాడే చేయాలి. అందులో ‘ప్రతివారితోను మర్యాదగా నడుచుకొంటాను’ అన్న వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నేను కోడి అమ్ముకుని వచ్చిన మనిషి కోసం రాసుకున్నది, ఒకటో తరగతి నుంచి నా నోట్లో ఉన్నదే. పదేళ్లు రోజూ చెప్పినా అది నా బల్ల దాకా రాలేదు. ఒక ముఖం కళ్ల ముందు పెట్టుకుని నా మాటల్లో రాసుకున్నాకే వచ్చింది. ప్రతిజ్ఞ గొప్పదే. కానీ అందరి కోసం రాసినదాన్ని ఎవరికి వాళ్లు తమ పనికి తెచ్చుకోవాలి, ఆ పని ఎవరూ మనకు చేసిపెట్టరు.

రెండో వాక్యం 1991లో రాశాను. సర్కారు ఉద్యోగులకు ఈ బాధ తెలుసు. ఎవరు చిట్టీ పాడుకున్నా, లోన్ తీసుకున్నా ‘ఒక్క షూరిటీ సంతకం’ అని మన ఇంటికే వస్తారు. జీతం సర్టిఫికెట్ ఇచ్చి సంతకం పెడితే అయిపోయిందనుకుంటారు. ఆ తర్వాత ఏం జరుగుతుందో ట్రెజరీలో కూర్చున్నవాళ్లకు కనిపిస్తుంది. చిట్టీ పాడుకున్నవాడు కట్టకపోతే కోర్టు నుంచి అటాచ్‌మెంట్ ఆర్డర్ వస్తుంది, షూరిటీ పెట్టినవాళ్ల జీతంలో నెలనెలా కోత పడుతుంది. ఆ జీతం బిల్లులు నా చేతుల మీదుగానే పోయేవి. ఎవరిదో అప్పుకు ఏళ్ల తరబడి కోత పడ్డ ఉపాధ్యాయులు నాకు తెలుసు. ఒకాయన బిల్లు చూసినప్పుడల్లా ఆయన పిల్లల ఫీజులు గుర్తొచ్చి మనసు పాడయ్యేది.

ఆ ఏడాది మా దగ్గరి బంధువు ఒకాయన షూరిటీకి వచ్చాడు. కాదంటే చుట్టరికం చెడుతుంది, అవునంటే భయం. రాత్రంతా టెన్షన్. పొద్దున లేచి మొదటి వాక్యం కింద రాశాను: “నేను కట్టగలిగినంతకే సంతకం.” ఆయన అడిగింది లక్ష రూపాయల చిట్టీకి. ఆ లక్ష నేను కట్టగలనా? కట్టలేను. ఆయనను కూర్చోబెట్టి అదే మాట చెప్పాను. “నీ మీద నమ్మకం లేక కాదన్నా, నువ్వు కట్టకపోతే నేను కట్టాలె. నాతోని కాదు. పదివేల దాకైతే ఇప్పుడే పెడత” అన్నాను. ఆయన నొచ్చుకుని వెళ్లాడు. రెండేళ్లు మాట్లాడలేదు. తర్వాత వాళ్ల పిల్ల పుస్తకాలకు, ఆసుపత్రి ఖర్చుకు చిన్న మొత్తాలకు వచ్చినప్పుడు క్షణం ఆలోచించకుండా ఇచ్చాను. ఆ వాక్యం వల్ల ఎందరికో లేదన్నానని అనుకుంటారేమో. నిజానికి భయం లేకుండా అవునన్నదే ఎక్కువ.

మూడో వాక్యం సంగతి రాయడం కష్టం. అయినా అది రాయకపోతే ఈ ఉత్తరం పంపకూడదు.

మా నాన్న చండూరు వైపు నేతపని చేసేవాడు. షావుకారు దగ్గర నూలుకు, పెళ్లిళ్లకు తీసుకున్న అప్పు తీరడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఆ తొమ్మిదేళ్లూ ఇంట్లో పండుగ చేయలేదు. షావుకారు మనిషి వాకిట్లోకి వస్తే నాన్న మగ్గం గుంటలోంచి లేచి నిలబడేవాడు. నిలబడ్డ నాన్నను చూసి పెరిగినదాన్ని కాబట్టి, ఇద్దరు పిల్లలు పుట్టాక మూడో వాక్యం రాసుకున్నాను: “అప్పు చేయొద్దు.” మిగతా రెండింటి కంటే దాని మీదే నాకు నమ్మకం ఎక్కువ. ఇల్లు కట్టలేదు, కిరాయింట్లోనే ఉన్నాం. మా ఆయన ఆర్టీసీ కండక్టరు, ఆయన కూడా సరే అన్నాడు.

2004లో మా బిడ్డకు ఇంజనీరింగ్‌లో మంచి సీటు వచ్చింది, దూరంగా. హాస్టల్, ఫీజు కలిపితే మా ఇద్దరి జీతాలకు అందదు. బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్ ఇస్తామన్నారు, ఫారం కూడా తెచ్చుకున్నది. నేను డైరీ తీసి మూడో వాక్యం చూసి, వద్దన్నాను. పిల్ల ఏడవలేదు. నల్గొండలోనే డిగ్రీలో చేరింది. తర్వాత బ్యాంకు పరీక్షలు రాసి ఉద్యోగం తెచ్చుకుంది. బాగానే ఉంది. నా వాక్యం నిలబడిందని నేను సంతోషపడ్డాను కూడా.

2012లో తను ఇల్లు కొనుక్కోవడానికి హోమ్ లోన్ కాగితాలు నింపుతూ, తల ఎత్తకుండానే అన్నది: “అమ్మా, నీ మూడో మాట నువ్వు రాసుకున్నవి. నేను రాసుకోలే గదా. అది నాకెందుకు పడ్డది?”

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. మా నాన్న అప్పు వేరు, చదువుకు తీసుకునే లోన్ వేరు. ఒకటి మనిషిని తొమ్మిదేళ్లు నిలబెట్టింది, రెండోది మా బిడ్డను ఇంకో చోట నిలబెట్టేదేమో. నేను పోల్చి చూడలేదు. వాక్యం ఉంది కదా అని ఆలోచించడం మానేశాను. పైగా నా జీవితానికి రాసుకున్నదాన్ని నా బిడ్డ జీవితం మీద పెట్టాను. ఆ రాత్రి మూడో వాక్యాన్ని కొట్టేశాను. రబ్బరుతో చెరపలేదు. మా శాఖలో రిజిస్టరులో తప్పు పడితే చెరపకూడదు, పాత అంకె కనిపించేలా గీత కొట్టి, పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి. అలాగే చేసి, తేదీ వేశాను. కింద రాసింది ఇది: “నా భయం పిల్లల తొవ్వకు అడ్డం పడొద్దు.”

ఇలా రాసుకునేవాళ్లకు ఈ ప్రమాదం ఉందని నా అనుభవం మీద చెబుతున్నాను. ఎప్పుడో ఒక కష్టంలో రాసుకున్నది తర్వాతి కాలానికి సరిపోకపోవచ్చు. అందుకే ఇప్పుడు ప్రతి పుట్టినరోజుకు డైరీ తీసి, ఒక్కో వాక్యాన్నీ ‘ఈ ఏడాది నువ్వు ఎవరికి మేలు చేశావు, ఎవరికి అడ్డం పడ్డావు’ అని అడుగుతాను.

రిటైరయ్యే ముందు మదురై కంటి డాక్టరు గోవిందప్ప వెంకటస్వామి గారి గురించి చదివాను. ఆయన కూడా 58 ఏళ్లకు ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరయ్యారు. కీళ్ల జబ్బుతో వేళ్లు వంకర పోయినా ఆ వేళ్లతోనే ఆపరేషన్లు చేసేవారు. 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. ఆయన పెట్టుకున్న లక్ష్యం అనవసరమైన అంధత్వాన్ని లేకుండా చేయడం. అందులో ‘అనవసరమైన’ అన్న మాట దగ్గర నేను ఆగాను. ప్రపంచంలోని గుడ్డితనమంతా పోగొడతానని ఆయన అనలేదు. ఆపరేషన్‌తో పోయే శుక్లాల వల్ల ఎవరూ చూపు లేకుండా ఉండకూడదన్నారు. ఆ ఒక్క మాట వల్ల ఏం చేయాలో ఆయనకు తెలిసింది. కంట్లో పెట్టే లెన్స్ విదేశాల నుంచి తెస్తే పేదలకు అందని ధర అయితే, 1992 నుంచి వాళ్లే ఆరోల్యాబ్ అనే తమ సొంత తయారీ కేంద్రంలో తయారు చేసుకున్నారు. డబ్బు ఇవ్వగలిగినవాళ్ల ఫీజులతో ఇవ్వలేనివాళ్లకు ఉచితంగా చేశారు. నేను అంతటి మనిషిని కాను, కానీ వాక్యం ఎంత చిన్నదిగా, ఎంత కచ్చితంగా ఉంటే అంత పని చెబుతుందని ఆయన దగ్గర నేర్చుకున్నాను.

రిటైరైన నాలుగు నెలలకు ఒక ఫైనాన్స్ కంపెనీ మనిషి స్వీట్ బాక్స్ పట్టుకుని వచ్చాడు. నెలకు 25 వేలు ఇస్తామన్నాడు. పనేమీ లేదు, వాళ్ల ఆఫీసులో కూర్చుని, రిటైరైనవాళ్లు గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగం ముందే ఒకేసారి తీసుకునేది) డబ్బులు వాళ్ల దగ్గర డిపాజిట్ చేసేలా ఒక మాట చెబితే చాలు. “మేడమ్, జిల్లాలో పెన్షనర్లందరికీ మీ మీద నమ్మకం” అన్నాడు. ఆ మాట నిజమే కాబట్టి నాకు సంతోషం కలిగింది, దాచుకోను. మా ఆయన మందులకు ఆ డబ్బు అవసరం కూడా.

డైరీ తీయాల్సిన పని లేకపోయింది. ‘నేను కట్టగలిగినంతకే సంతకం.’ పెన్షనర్లు నా మాట మీద డబ్బు పెడితే నా మాటే సంతకం. రేపు ఏమైనా అయితే వాళ్లందరి డిపాజిట్లూ నేను కట్టగలనా? పది నిమిషాల్లో వద్దని చెప్పి, స్వీట్ బాక్స్ కూడా తీసుకుపొమ్మన్నాను. ఆ కంపెనీ తర్వాత ఏమైందని అందరూ అడుగుతారు. అది ఎంత మంచిగా నడిచినా నా జవాబు మారదు కాబట్టి ఆ సంగతి రాయడం లేదు. 1991లో నాకు రాత్రంతా పట్టిన పని 2017లో పది నిమిషాల్లో అయింది. నా కష్టం ఫలించిందని చెప్పుకోగలిగితే అదొక్కటే చెప్పుకుంటాను.

ఇప్పుడు ఏటా పెన్షనర్లు బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్లు ఇచ్చే రోజుల్లో పొద్దున పదింటికి వెళ్లి ట్రెజరీ ఆఫీసు బయట వేపచెట్టు కింద కూర్చుంటాను. వేలిముద్ర పడనివాళ్లకు, ఫారం నింపడం రానివాళ్లకు సాయం చేస్తాను. ఎవరూ నన్ను పెట్టలేదు. ఏమేం కావాలో ఇప్పటికీ చీటీ మీద రాసి ఇస్తాను.

మా చెల్లెలి కొడుకు డైరీ చదివి చాలాసేపు ఏమీ అనలేదు. మర్నాడు బస్సెక్కే ముందు తన మాట మార్చి రాశానని చూపించాడు. తెలుగులోనే రాశాడు. అందులో వాళ్ల అమ్మ ఉంది, వారానికి రెండు రోజులు ఉంది, ఎవరి కోడ్‌నూ తన పేరు మీద చెప్పుకోకూడదని ఉంది. అది ట్రైనింగ్‌లో చూపిస్తాడో లేదో తెలియదు. బెంగళూరు మాత్రం వెళ్లనని ఆ వారమే చెప్పాడు. ఇంకెవరికైనా వెళ్లడమే సరైనది కావచ్చు, అది వాళ్ల వాక్యం చెప్పాలి.

అయ్యా, పదిహేనేళ్ల పిల్లలకు మీరు వెయ్యి కాలేజీల పేర్లు ఇస్తున్నారు. ఎంచుకునేటప్పుడు దేనితో తూచాలో ఆ పేజీల్లో ఎక్కడా లేదు. అందుకని అమ్మానాన్నల భయంతోనో, పక్కింటి పిల్లవాడి ర్యాంకుతోనో తూస్తున్నారు. మా ఇంట్లో నేనే అలా చేశాను. వచ్చే ఫలితాల రోజున మీ చదువుల పేజీలో కింద ఒక డబ్బా వేయండి. మూడు కాలమ్‌ల వెడల్పు చాలు, నేను స్కేలుతో కొలిచి చూశాను, నాలుగు గీతలు పడతాయి. పైన ‘నీ మాటల్లో నువ్వే రాసుకో’ అని ఉంటే చాలు. లోపల ఒక్క అక్షరం కూడా అచ్చు వేయవద్దు, ఉదాహరణ కూడా ఇవ్వవద్దు. ఇస్తే అదే దించుకుంటారు. పక్కన చిన్న అక్షరాల్లో ‘పెన్సిల్‌తో రాయండి, తేదీ వేయండి’ అని మాత్రం వేయండి. మీ ప్రకటనల ధర ప్రకారం ఆ జాగా ఖరీదెంతో తెలుపుతూ ఒక కార్డు ముక్క రాస్తే, నా పెన్షన్‌లోంచి కట్టగలిగినంత కడతాను.

కత్తెర తీసుకుని వచ్చే మా వీధి పిల్లలకు పెన్సిళ్లు నేను కొనిపెట్టాను.

ఇట్లు,
ఖజానా శాఖ విశ్రాంత ఉద్యోగిని,
నల్గొండ
(పేరు అచ్చు వేయవద్దని మనవి)